కడియం దించుకున్నవి

ఆయన మెడ మీద, ఎడమ చెవికి కాస్త కింద, నిమ్మకాయంత కంతి ఉండేది. చిన్నప్పుడు రేగ్గింజంతే ఉండేదట. ఆయనతోబాటే పెరిగింది, ఆయన పెరగడం మానేశాక కూడా పెరిగింది. పనిచేసే చోట అందరూ మొహం మీదే "కంతాయన" అని పిలిచేవారు. ఆయనా పలికేవాడు. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు వేళ్ళతో నొక్కి చూసి, ఉత్త కొవ్వేనని, పావుగంటలో తీసిపారేస్తామని అన్నారు. పావుగంటలో పోయేదాన్నా ఇన్నేళ్ళు మోసింది అని ఆయనకు చిన్నతనంగా అనిపించి ఊరుకున్నాడు. పెళ్ళి మాట వస్తే మాత్రం దాన్నే అడ్డం పెట్టుకునేవాడు.

"రెండు తలలవాడికి ఇద్దరు పిల్లల్ని వెతకాలి. మీకెందుకీ శ్రమ?"

అలా దాటవేస్తూ దాటవేస్తూ జుట్టు నెరిసింది. ఆయనకు మిగిలిన బలగమల్లా ఒక చెల్లెలు, ఆమె కూతురు. చెల్లెలి మొగుడు లారీ నడుపుతాడు కాబట్టి ఇంట్లో ఉన్నా లేనట్టే లెక్క.

ఆయన చేసే పని చెప్పడం సులువు, నమ్మించడం కష్టం. ఊరి చివర రేకుల షెడ్డులో ఒక పొడి తయారవుతుంది. బాదం తోటల వాళ్ళు మొక్కలు నాటే ముందు ఆ పొడిని నీళ్ళలో కలిపి వేళ్ళు ముంచుతారు. పొడి అంటే మట్టే, కాకపోతే అందులో కోట్లకొద్దీ బాక్టీరియా బతికి ఉంటుంది. అది వేళ్ళకు కాపలా కాస్తుంది. ఎవరి నుంచి కాపలా అంటే, దాని దగ్గరి చుట్టం నుంచే. చుట్టాలతోనే కదా ఎవరికైనా చిక్కు.

ఆ చుట్టం సంగతి కొంచెం చెప్పాలి. అది మట్టిలో పడి ఉంటుంది. వేరుకో కాండానికో గాయం తగిలితే ఆ వాసన పట్టుకుని వస్తుంది. వచ్చి మొక్కను చంపదు. చంపేస్తే కథ అక్కడితో అయిపోయేది. తన రాతలో, అంటే తన జన్యువుల్లో, ఒక ముక్కను మొక్క లోపలికి పంపుతుంది. ఆ ముక్క అందిన దగ్గర్నుంచి మొక్క తన పని మరిచిపోయి కంతి కట్టడం మొదలుపెడుతుంది. కట్టిన కంతిలో వంట కూడా మొదలుపెడుతుంది. ఆ వంట మొక్కకు అక్కరకు రాదు, ఆ వచ్చినవాడికీ వాడి వాళ్ళకీ తప్ప పెద్దగా ఎవరికీ అరగదు. దయ్యం పట్టిన ఇళ్ళ కథలు ఏ దేశం పోయినా వినపడతాయి. ఆ కథల్లో దయ్యం ఇంట్లోవాళ్ళను బెదిరించి వెళ్ళగొడుతుంది. ఎవర్నీ వెళ్ళగొట్టకుండా, వాళ్ళ చేతే గోడలు లేపించుకుని, వాళ్ళ చేతే వండించుకుని తినే దయ్యం సంగతి మట్టి తవ్వేవాళ్ళకు తప్ప తెలియదు.

కాపలా బాక్టీరియాను మొదట పట్టుకున్నది షెడ్డు పెట్టిన పెద్దాయన. ఆయన తోట మొత్తం కంతులు వేసి పాడైపోతే, మధ్యలో ఒక్క చెట్టు మాత్రం నున్నటి కాండంతో నిలబడిందట. దాని వేరు దగ్గరి మట్టిలోంచి దీన్ని తీశాడు. ఇది విషం తయారుచేస్తుంది, ఆ విషం ఆ చుట్టం మీదే పనిచేస్తుంది. దాన్ని బతికించే పనికి పెద్దాయన ఎంతమందినో చూసి, చివరికి మెడ మీద కంతి ఉన్న ఈ కుర్రవాణ్ణి పెట్టుకున్నాడు. ఎందుకో చెప్పలేదు.

షెడ్డు చివరి గది కంతాయనది. ఒక గోడకు వెచ్చగా ఉండే ఇనప అలమారా. దాని తలుపుకున్న రబ్బరు అంచు అరిగిపోయి, తీసినప్పుడల్లా నిద్రలో ఎవరో పెదాలు విడదీసినట్టు చిన్న చప్పుడు చేసేది. తెల్ల పలకల బల్ల, స్పిరిట్ దీపం, చెక్క పిడికి బిగించిన సన్నటి తీగ. మూతలున్న గాజు పళ్ళేలు, వాటిలో గట్టిపడిన జెల్లీ, జెల్లీ మీద చుక్కలు చుక్కలుగా బాక్టీరియా. తడిమట్టిలో పాత తేనె ఒలికినట్టు ఒక వాసన. వారానికోసారి తీగను మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, పాత పళ్ళెంలో ఒక చుక్కను తాకి, కొత్త పళ్ళెం మీద గీసేవాడు. మజ్జిగ చుక్కతో పాలు తోడుపెట్టినట్టే. అందుకే ప్యాకెట్లు కట్టే ఆడవాళ్ళు "కంతాయన తోడు వేస్తున్నాడు, లోపలికి వెళ్ళకండి" అనుకునేవారు.

ఏ చుక్కను తాకాలో ఎంచడంలో ఆయనకు గొప్ప పట్టింపు. సంతలో ఎద్దును ఎంచినట్టు ఎంచేవాడు. పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తి, ఓరగా తిప్పి, అన్నిట్లోకీ పెద్దది, గుండ్రటిది, నిగనిగలాడేది చూసి దాన్నే తాకేవాడు. బక్కవాటిని, ఆలస్యంగా పైకొచ్చినవాటిని పారబోసేవాడు. ఎవరు చేసినా అదే చేస్తారు. బలమైన బిడ్డను చూసి మురవని చెయ్యి ఉండదు.

దాంతో ఏళ్ళు గడిచేకొద్దీ ఒక వింత జరిగింది. పెద్దాయన నేర్పిన రోజుల్లో చుక్కలు పైకి రావడానికి మూడు నాలుగు రోజులు పట్టేది. తర్వాత రెండో రోజుకే వచ్చేవి. ఆ తర్వాత, సాయంత్రం గీస్తే మర్నాడు తలుపు తీసేసరికే బలిసి, మెరుస్తూ, మూతను ముట్టుకుంటాయా అన్నంత ఎత్తున కూర్చుని ఉండేవి. తలుపు తీసిన ప్రతిసారీ, లోపల అప్పటిదాకా ఏదో మాట్లాడుకుంటూ చటుక్కున ఆపేసినట్టు ఉండేది. అది కొత్తలో ఆయనకు సరదా, తర్వాత గర్వం. వీటికి ఇంత తొందర ఎక్కడిదని ఒక్కసారీ అడగలేదు.

పెద్దాయన బతికి ఉన్నంతకాలం గదిలో ఇంకో చిన్న అలమారా ఉండేది. అందులో ఆయన కంతులు పెట్టే ఆ చుట్టాన్ని, కాపలాదారు శత్రువును, పెంచేవాడు. తరచుగా రెండింటినీ ఒకే పళ్ళెంలో ఎదురెదురుగా పెట్టి, తలుపు మూసుకుని చూసుకునేవాడు. ఆయన పోయాక యాజమాన్యం వాళ్ళు వచ్చి, జబ్బును ఇంట్లో పెట్టుకుని కాపలా వ్యాపారం చేయడమేమిటని, ఆ అలమారాను ఖాళీ చేయించారు. ఖాళీ చేసి, ఉడకబెట్టి, కడిగినవాడు కంతాయనే. పీడ విరగడైందనుకున్నాడు. ఆ తర్వాత ప్యాకెట్లో ఎన్ని బతికున్నాయో చూసేవారు గాని, బతికి ఏం చేస్తున్నాయో ఎవరూ చూడలేదు. పెద్దాయన గడ్డకట్టించి దాచిన పాత సీసాలు ఫ్రిజ్ చెడిపోయిన ఒక వేసవిలో కరిగి చచ్చిపోయాయి. జీవంతో ఉన్నవి కళ్ళ ముందే ఇంత బాగుంటే చచ్చినవాటి కోసం ఏడవడమెందుకని కంతాయన వాటిని గోతిలో పోసి వచ్చాడు.

ఒకరోజు పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నీ మెడ మీది చుట్టాలు నా తోటకొచ్చారు."

"ఏమిటే?"

"వచ్చి చూసుకో. అందరూ నీ పోలికే."

చెల్లెలు ఉన్న నేలంతా దున్నించి బాదం పెట్టింది. ఆమెకు ఆ నేల తప్ప ఇంకో ఆధారం లేదు. మొక్కలన్నిటికీ అన్నయ్య చేతి పొడిలో వేళ్ళు ముంచింది, ఒకటికి రెండుసార్లు. ఆయన వెళ్ళేసరికి గట్టు మీద కొన్ని మొక్కలు పీకి వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నేలా కాండమూ కలిసే చోట ప్రతి మొక్కకూ ఒక కంతి. కొన్ని గుప్పెటంత, కొన్ని బొటనవేలంత. లేతగా, మెత్తగా, ముట్టుకుంటే కాస్త వెచ్చగా. ఎండకు అలా ఉన్నాయని తనకు తాను చెప్పుకున్నాడు. ఒకదాన్ని వేళ్ళతో నొక్కాడు. డాక్టర్లు తన మెడ మీద నొక్కిన తీరులోనే తను నొక్కుతున్నట్టు గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు.

"కాలవకి ఆ వైపు ఇంకా నాటలేదు" అంది చెల్లెలు. "మొక్కలు ఇసకలో పెట్టి ఉంచాను. మొగ్గ విచ్చేలోగా నాటాలి. ఈ విడత కూడా ఇలాగే అయితే ఈ నేల మీద ఇంక బాదం మాట ఎత్తక్కర్లేదు. నేనూ లారీ ఎక్కాల్సిందే."

"పొడి పాతదేమో."

"నువ్వు తెచ్చిచ్చిందే కదా. అదే రోజు కట్టిన ప్యాకెట్లు, ముక్కు దగ్గర పెట్టి మరీ వాసన చూపించావు. 'మహారాజుల్లా ఉన్నాయి' అన్నావు."

మర్నాడు తన పళ్ళేలనూ ఒక పీకిన మొక్కనూ గుడ్డలో చుట్టుకుని మేనకోడలి దగ్గరికి బస్సెక్కాడు.

మేనకోడలు పెద్ద ఊళ్ళో, పెద్ద ప్రయోగశాలలో ఇలాంటివాటి మీదే చదువు వెలగబెడుతోంది. చిన్నప్పుడు సెలవులకు మేనమామ గదిలో కూర్చుని భూతద్దంతో చుక్కలు లెక్కపెట్టిన పిల్ల. కొన్నాళ్ళు ఆగమంది. మళ్ళీ రమ్మన్నప్పుడు ఆయన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఒక పళ్ళెం ముందు పెట్టింది.

"అమ్మ తోటలో కంతిలోంచి శత్రువును తీసి పళ్ళెం అంతా పూశాను. మధ్యలో నీవాటిలోంచి ఒక చుక్క పెట్టాను. చూడు."

పళ్ళెం మీద శత్రువు పొగమంచులా పరుచుకుని ఉంది. మధ్యలో ఆయన చుక్క. దాని చుట్టూ ఖాళీ ఉండాలి, విషం తగిలి శత్రువు పెరగలేని గుండ్రటి ఖాళీ. పెద్దాయన రోజుల్లో అలాంటి ఖాళీని ఎన్నిసార్లో చూశాడు. ఇక్కడ పొగమంచు చుక్క దాకా వచ్చి దాన్ని కౌగలించుకుని ఉంది. చుక్క మాత్రం నిగనిగలాడుతోంది.

"ఇది మన బాక్టీరియానేనా?"

"మనదే మావయ్యా. కడియమే లేదు."

"ఏం కడియం?"

"ప్లాస్మిడ్ అంటారు. దాని సొంత జన్యువులకి వేరుగా, గుండ్రంగా, చేతికి కడియంలా ఉంటుంది. విషం చెయ్యడం, ఆ విషం తనకే తగలకుండా చూసుకోవడం, రెండూ ఆ కడియంలోనే ఉన్నాయి. మొయ్యడం ఊరికే కాదు. బాక్టీరియా రెండుగా చీలిన ప్రతిసారీ కడియాన్ని కూడా ఇంకోటి చేసుకోవాలి. పైగా రోజంతా విషం కాస్తూ కూర్చోవాలి. ఎప్పుడో ఒకసారి చీలేటప్పుడు పిల్లకి కడియం అందదు. మట్టిలో అయితే శత్రువు పక్కనే ఉంటాడు, ఉత్త చేతుల దాన్ని నెట్టేసి వేరు దగ్గర చోటు లాక్కుంటాడు. నీ జెల్లీ మీద శత్రువు లేడు, తిండికి లోటు లేదు. అక్కడ కడియం ఉత్త బరువు."

"దించుకున్నది తొందరగా పెరుగుతుంది."

"అందరికంటే ముందు, అందరికంటే పెద్దగా."

ఆయన కిటికీలోంచి చూశాడు. కింద వీధిలో ఒకామె రెండు చేతులా సంచులతో రోడ్డు దాటలేక నిలబడి ఉంది.

"నేను పెద్దవాటినే ఎంచేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు. నాకు చూపించేవాడివిగా."

బాటసారుల మజిలీల్లో ఎన్నేళ్ళు తిరిగినా ఒక సంగతి మారదు. అందరికంటే ముందు చేరేవాడు ఎప్పుడూ ఉత్త చేతులతో వస్తాడు. గాలి తగిలే మంచం వాడికే దొరుకుతుంది. వంట గిన్నెలు మోసేవాడు చీకటి పడ్డాక, రొప్పుతూ, మూలనున్న కుక్కి మంచం కోసం వస్తాడు. ఆ రాత్రి అందరూ తినేది మాత్రం వాడి గిన్నెలోనే. కంతాయన ఇన్నేళ్ళూ గుమ్మంలో నిలబడి ముందొచ్చినవాళ్ళకు దండలు వేశాడు, గిన్నెలవాణ్ణి తలుపు వేసి పంపేశాడు. ఇప్పుడు మజిలీ నిండా జనమే, పొయ్యి మీద పెట్టడానికి గిన్నె లేదు.

"ఇప్పుడు కడియం ఉన్నవి ఎక్కడ దొరుకుతాయి?"

"పాత సీసాలు కరిగిపోయాయి. ఇంకెక్కడైనా ఉంటే, శత్రువు ఉన్నచోటే ఉండాలి. వాడు పక్కన లేకపోతే వీటికి మోసే పని లేదు కదా. పెద్దాయన మొదట ఎక్కడ పట్టుకున్నాడు?"

పెద్దాయన ఇల్లు, పాడుపడ్డ తోట, మధ్యలో నున్నటి చెట్టు. అవి మనసులో మెదిలాయో లేదో కంతాయన చెయ్యి తనంతట తనే మెడ మీదికి పోయింది. ఆ మధ్య పెద్దాయన భార్య, పెద్దావిడ, ఎదురుపడితే తను ఇచ్చిన సలహా గుర్తొచ్చింది. 'ఆ జబ్బు చెట్లన్నీ ఎందుకమ్మా ఇంటి చుట్టూ? కొట్టించెయ్యండి. మంచిదాన్నొక్కదాన్ని ఉంచుకోండి.'

ఆయన వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. చెట్టు నీడ కూడా చెట్టు కిందే దాక్కునే వేళ. గేటు తీసి రెండడుగులు వేసి ఆగిపోయాడు. తోట నిండా మొద్దులు. కొట్టేసిన చెట్ల మొదళ్ళు, ఒక్కోదానికీ పక్కన ఎండిపోయిన కంతులు, నేల లోంచి పైకి వచ్చే ప్రయత్నంలో ఆగిపోయిన తలల్లాగా. పక్షి కూత లేదు. మధ్యలో నున్నటి చెట్టు ఒక్క ఆకు కదలకుండా నిలబడి ఉంది. ఆలస్యం అయిపోయిందనుకున్నాడు.

అంతలో ఇంటి కిటికీ పక్కన ఇంకో చెట్టు కనబడింది. దాని కొమ్మలు ఈ చెట్టు కొమ్మల్లోకి చొచ్చుకుని ఉన్నాయి.

పెద్దావిడ కిటికీ లోపల కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా రెండు కప్పులు.

"నువ్వు చెప్పావని కొట్టించేశానయ్యా" అంది, పలకరింపు కూడా లేకుండా. "ఆయన ఉన్నంతకాలం గొడ్డలి పడనివ్వలేదు. జబ్బువి ఉంటేనే మంచిది మంచిగా ఉంటుంది అనేవాడు. నాకేం అర్థమవుతుంది? నీకంటే బాగా తెలిసినవాళ్ళెవరున్నారని నీ మాట విన్నాను."

"ఇదెందుకు ఉంచారమ్మా?"

"దాని మొహం చూడు."

చూశాడు. కాండం మీద, సరిగ్గా కిటికీ ఎత్తున, పెద్ద కంతి. మడతలు పడి, ఒక మడత నుదురులా, ఇంకోటి ముక్కులా, కింద రెండు గీతలు మూసిన కళ్ళలా. గడ్డం దగ్గర చిన్న నొక్కు. పెద్దాయన గడ్డానికి అక్కడే నొక్కు ఉండేది.

"నిద్రలో ఆయన మొహం" అంది పెద్దావిడ. "గొడ్డలివాడు ఎత్తిన చెయ్యి నేనే ఆపాను. వాడికీ అదే కావాలి, పాపం, అప్పటికే వణుకుతున్నాడు. రోజూ చెప్తాను, కాఫీ చల్లారుతోంది లెండి అని. లేవడు. బతికున్నప్పుడూ అంతే."

ఆమె నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు. మట్టి తవ్వుకుంటానని అడిగితే తవ్వుకోమంది.

రెండు చెట్ల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని చిన్న తాపీతో తవ్వాడు. జానెడు లోతున వేళ్ళు కనబడ్డాయి. నున్నటి చెట్టు వేళ్ళూ కంతి చెట్టు వేళ్ళూ ఒకదాని చుట్టూ ఒకటి మెలికలు పడి ఉన్నాయి, చేతులు పట్టుకుని ఏళ్ళుగా బలం చూసుకుంటున్న ఇద్దరు మనుషుల్లాగా. ఒకరి వేళ్ళు తెల్లగా, ఒకరివి గుబ్బలు గుబ్బలుగా. ఎవరూ గెలవలేదు, ఎవరూ వదల్లేదు. ఆ రెంటి నడుమ నలిగిన మట్టిని సీసాలోకి తీసుకున్నాడు. ఆ సమయంలో ఆయన మెడా చెట్టు మీది కంతీ ఒకే ఎత్తున ఉన్నాయి, మధ్యన అర జానెడు ఎడం. గాలి ఆడడం లేదు. అయినా మెడ మీద, సరిగ్గా ఆ నిమ్మకాయంత మేర, ఎవరో ఊపిరి వదిలినట్టు చల్లగా తగిలింది. తల తిప్పలేదు. సీసా మూత బిగించి, అలాగే మోకాళ్ళ మీద వెనక్కి జరిగాడు.

"నీ గురించి ఆయన ఒక మాట అనేవాడు" అంది పెద్దావిడ కిటికీలోంచి. "వాడు తన బరువు దించుకునే రకం కాదు, అందుకే పెట్టుకున్నాను అనేవాడు. ఏ బరువో నాకు తెలీదు. నీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసిందమ్మా" అన్నాడు కంతాయన.

మట్టిని నీళ్ళలో కలిపి జెల్లీ మీద పోశారు. మేనకోడలు సెలవు పెట్టి మేనమామ గదికే వచ్చింది. మర్నాటికి పళ్ళెం నిండా చుక్కలు, వాటిలో కొన్ని బలిసి, మెరుస్తూ. ఆయన చెయ్యి తీగతో సహా వాటివైపు కదిలింది. మేనకోడలు చూసిందంతే. ఆయన చెయ్యిని ఒళ్ళోకి తెచ్చుకుని ఇంకో చేత్తో పట్టుకు కూర్చున్నాడు. పిలిస్తే పరిగెత్తుకొచ్చే కుక్కను పట్టుకున్నట్టు.

"ఎన్నాళ్ళు ఆగాలి?"

"మొదట్లో ఎన్నాళ్ళు ఆగేవాడివి?"

అన్నాళ్ళూ ఆగారు. చెల్లెలు రోజూ ఫోన్ చేసి ఒకే మాట అడిగేది: "మొగ్గ ఉబ్బుతోంది అన్నయ్యా, నాటనా, ఆగనా?" ఆగమనేవాడు. ఆగడానికి కారణం అడిగితే, "నిదానంగా వచ్చేవాళ్ళ కోసం" అనేవాడు. చివరికి లావుపాటి చుక్కల సందుల్లో, సూదిమొనంత, పాలిపోయిన బుడిపెలు కనబడ్డాయి. నిన్నటిదాకా ఆయన పారబోసిన రకం. ఒక్కోదాన్నీ తీసి, చెల్లెలి తోటలోంచి వచ్చిన శత్రువుకు ఎదురు పెట్టారు. ఒక పళ్ళెంలో పొగమంచు చుక్కను మింగేసింది. రెండో దాంట్లోనూ అంతే. పళ్ళెం తర్వాత పళ్ళెం అదే. మేనకోడలి మొహం వాడిపోతూ వచ్చింది. అడుగున ఉన్న పళ్ళెం ఎత్తి వెలుతురుకు పెట్టినప్పుడు, బక్క బుడిపె చుట్టూ పొగమంచు వెనక్కి తగ్గి ఉంది. నల్లటి, శుభ్రమైన, గుండ్రటి ఖాళీ.

"ఇదిగో" అంది మేనకోడలు, గొంతు తగ్గించి.

ఆ ఖాళీని చూస్తే సంతోషం కావాలి. అయింది కూడా. కానీ చూసినకొద్దీ అది లోతుకు పోయే బావిలా ఉంది, అడుగున ఎవరో కూర్చుని పైకి చూస్తున్నట్టుంది.

బక్కదాన్ని పెంచి, పొడిలో కూడా కలపకుండా నేరుగా నీళ్ళలో కలిపి, చెల్లెలి మొక్కల వేళ్ళు ముంచి, కాలవకు ఆ వైపు నాటారు. మేనకోడలు కొత్త సీసాలు గడ్డకట్టించి రెండు చోట్ల దాచింది. కంతాయన తన మహారాజులందర్నీ ఉడకబెట్టాడు. చిన్న అలమారాను మళ్ళీ దుమ్ము దులిపి, శత్రువును తెచ్చి అందులో పెట్టాడు. యాజమాన్యం వాళ్ళు గొణిగారు. "వాడు లేకపోతే వీడు పని మానేస్తాడు" అని ఒక్క ముక్క చెప్పి తలుపు వేసుకున్నాడు.

ఇంకో పని కూడా చేశాడు. దాని గురించి మేనకోడలు ఇప్పటికీ గొణుగుతుంది. కాలవకు ఈ వైపు జబ్బు మొక్కలన్నీ పీకి తగలబెట్టిస్తూ, ఒక్కదాన్ని ఉంచమన్నాడు. వంటింటి కిటికీ దగ్గరున్నదాన్ని. దాని పక్కన, వేళ్ళు ముంచిన కొత్త మొక్కను నాటించాడు, వేరూ వేరూ తగిలేంత దగ్గరగా.

"పుస్తకం ప్రకారం దీన్నీ తగలెయ్యాలి మావయ్యా. ఈ కడియాలు చేతులు మారతాయి. మనదాని దగ్గర్నుంచి శత్రువు కడియం పుచ్చుకున్నాడంటే, ఆ విషం వాడికి మంచినీళ్ళు."

"మరి తగలెయ్యనా? నీ సీసాల మీద ఒట్టేసి చెప్పు, అవి ఎప్పటికీ కరగవని."

మేనకోడలు ఒట్టు వెయ్యలేదు.

"అంటే దాని మొహం చూస్తూ వంట చెయ్యాలన్నమాట, నేను" అంది చెల్లెలు.

"నా మొహం చూస్తూ పెరిగావు కదే."

తర్వాతి వసంతానికి కాలవ ఆవలి మొక్కలు నున్నటి కాండాలతో నిలబడ్డాయి. చెల్లెలు ఒక్కో మొక్క మొదట్లోనూ మట్టి తప్పించి వేలితో తడిమి మరీ చూసింది. ఎక్కడా గరుకు తగల్లేదు. ఆ పై వసంతానికీ అంతే. మొదటిసారి పూత పట్టిన రోజున కంతాయనకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ ఆయన గదిలో నిలబడి ఉండగా, చిన్న అలమారా లోపల్నుంచి పెదాలు విడినట్టు చప్పుడు వినిపించింది. ఆ అలమారాకు రబ్బరు అంచు లేదు.

డాక్టర్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు, తీసేద్దామా అని. ఆయన వద్దంటూనే ఉన్నాడు. ఇప్పుడు పళ్ళెంలో బక్కదాన్నే ఎంచుతాడు, ఎంచే ముందు శత్రువుతో తలపడనిస్తాడు. తెల్లవారేసరికి బలిసి కూర్చున్న చుక్క ఏదైనా కనబడితే మూత తియ్యకుండానే ఉడకబెట్టేస్తాడు.

ఈ మధ్య చెల్లెలు మళ్ళీ ఫోన్ చేసింది. తోట సంగతులు చెప్పింది, లారీ సంగతులు చెప్పింది.

"అన్నయ్యా, కిటికీ దగ్గరది పెరిగింది."

"ఎంత?"

"తలంత. మొన్నటి దాకా అటు తిరిగి ఉండేది. ఇప్పుడు ఇటు తిరిగింది."

"చెట్టు తిరగడమేమిటే."

"నాకేం తెలుసు? మడతలు పడుతున్నాయి. నిన్న నీళ్ళు పోస్తూ చూశాను. నీ పోలికలొస్తున్నాయి."

ఆయన చెయ్యి మెడ మీదికి పోయింది. కంతి ఉన్నచోటే ఉంది, వెచ్చగా. చెల్లెల్ని నవ్వించే మాట ఏదైనా అందామనుకున్నాడు. తీరా నోటికి వచ్చింది వేరే.

"పక్కనున్న మొక్క ఎలా ఉంది?"

"నున్నగా ఉంది. చూశాను."

"అయితే ఉండనీ." ఆగి, మెల్లగా అడిగాడు. "నవ్వుతోందా అది?"

అవతల చెల్లెలు కిటికీ దాకా నడిచిన చప్పుడు వినిపించింది. రెక్క తీసిన చప్పుడు.

"లేదు" అంది, ఇంట్లో ఎవరో పడుకున్నట్టు గొంతు తగ్గించి. "వింటోంది."